గొర్రె పొట్టలో పురుగు: మైక్రోస్కోప్ ఒక పేరు చెబుతోంది, సీక్వెన్స్ రెండు పేర్లు చెబుతోంది

నట్టల_పీజీ
వెటర్నరీ పరాసిటాలజీలో పీజీ చేస్తున్నాను. కబేళా నుంచి తెచ్చిన గొర్రెల నాలుగో పొట్టల్లోంచి హీమాంకస్ అనే రక్తం తాగే పురుగులు ఏరి, ఒక్కో పురుగుకీ విడివిడిగా డీఎన్ఏ తీశాను. జాతిని గుర్తించడానికి వాడే ఐటీఎస్-2 అనే డీఎన్ఏ ముక్కని ఎన్‌సీ1, ఎన్‌సీ2 ప్రైమర్లతో పీసీఆర్‌లో పెంచి, అక్షరాలు చదవడానికి సీక్వెన్సింగ్‌కి పంపించాను. దాదాపు అన్నీ గొర్రెల్లో మామూలుగా ఉండే కాంటార్టస్ జాతి అనే వచ్చాయి. రెండు పురుగులు మాత్రం తలనొప్పిగా తయారయ్యాయి. సీక్వెన్సింగ్ గ్రాఫులో ఒక్కో డీఎన్ఏ అక్షరానికి ఒక్కో శిఖరం రావాలి. కానీ 24వ స్థానంలో ఏ, జీ రెండు శిఖరాలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, ఎత్తు కూడా ఇంచుమించు సమానం. 205, 219 స్థానాల్లోనూ ఇలాగే రెండేసి శిఖరాలు. మిగతా చోటంతా గ్రాఫ్ శుభ్రంగా ఉంది.

మా గైడ్ సార్ "రీడింగ్ సరిగా రాలేదు, ఆ రెండూ తీసేసి మిగతావి రాసెయ్యి" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. కాంటార్టస్‌కీ, ఆవుల్లో ఉండే ప్లేసీ జాతికీ ఐటీఎస్-2లో తేడా వచ్చేది ఆ మూడు చోట్లే అని చదివాను. చెత్త రీడింగ్ అయితే సరిగ్గా ఆ మూడు చోట్లే ఎందుకు చెడుతుంది? వీటికి ఏ పేరు పెట్టాలి? సబ్మిషన్ దగ్గర పడింది, చాలా టెన్షన్‌గా ఉంది.

కబేళా_డ్యూటీ
తీసెయ్యొద్దు. నచ్చని పురుగుల్ని పక్కన పడేస్తూ పోతే థీసిస్ చక్కగా కనిపిస్తుంది, పొట్టలో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు.

క్రోమాటోగ్రామ్
సీక్వెన్సింగ్ ల్యాబ్‌లో పనిచేస్తాను, ఇలాంటి గ్రాఫులు రోజూ చూస్తుంటాను. మీ ప్రశ్న సరైనదే. రియాక్షన్ చెడిపోతే గందరగోళం మొదటి నుంచో, చివర్లోనో, అంతటానో ఉంటుంది. ఎంచుకున్నట్టు మూడు చోట్లే రాదు. అలాగని వెంటనే హైబ్రిడ్ (రెండు జాతుల సంకరం) అని కూడా రాసెయ్యకండి. ముందు ఇవి చెప్పండి. నెగటివ్ కంట్రోల్ (పురుగు డీఎన్ఏ వేయని ట్యూబు) ఖాళీగా వచ్చిందా? అదే రోజు అదే బెంచి మీద ఆవుల పురుగులు కూడా చేశారా? రెండో వైపు ప్రైమర్‌తో చదివినా అవే రెండు శిఖరాలు వచ్చాయా?

అన్నిటికన్నా ముఖ్యం, ఆ రెండు పురుగులూ మగవా, ఆడవా?

బయాలజీ_టీచర్_ఖమ్మం
మగ ఆడ సంగతి సీక్వెన్స్‌కి ఎందుకు? తెలియక అడుగుతున్నాను.

క్రోమాటోగ్రామ్
టీచర్ గారూ, ఆడ హీమాంకస్ పొట్ట నిండా గుడ్లుంటాయి. రోజుకి వేలల్లో పెడుతుంది. పురుగు మొత్తాన్ని ట్యూబులో వేసి నూరేస్తే తల్లి డీఎన్ఏ ఒక్కటే రాదు, గుడ్లలో ఉన్న తండ్రి వాటా కూడా కలిసిపోతుంది. తల్లి స్వచ్ఛమైన కాంటార్టసే అయినా, అది కలిసిన మగది ప్లేసీ అయితే గ్రాఫులో రెండు శిఖరాలు కనిపిస్తాయి. అందుకే ఆడ పురుగైతే తల వైపు ముక్క కోసి, గర్భసంచి తగలకుండా అందులోంచి మాత్రమే డీఎన్ఏ తీయాలి.

నట్టల_పీజీ
నెగటివ్ కంట్రోల్ ఖాళీయే. రెండు వైపులా చదివినా అవే మూడు స్థానాలు. ఆవుల పురుగులు మా ల్యాబ్‌లో ఇంతవరకు ఎవరూ చేయలేదు.

ఒకటి మగది. స్పిక్యూల్స్ (మగ పురుగు తోక దగ్గర జతకట్టడానికి ఉండే గట్టి సూదులు) కొలవడానికి దాని తోక కోసి స్లైడ్ చేశాను, డీఎన్ఏ మిగతా శరీరంలోంచి తీశాను. స్లైడ్ భద్రంగా ఉంది. రెండోది ఆడది, దాన్ని మొత్తం వాడేశాను.

క్రోమాటోగ్రామ్
అయితే ఆడదాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టి మగదాని మీద కూర్చోండి. దాని కడుపులో గుడ్ల గొడవ లేదు.

పాతతరం_పరాసిటాలజీ
ముప్పై ఏళ్లకు పైగా ఈ పురుగుల్ని లాక్టోఫినాల్‌లో (పురుగుని పారదర్శకంగా చేసే ద్రవం) పెట్టి చూసినవాణ్ణి. అమ్మా, స్లైడ్ ఉంచావు, సంతోషం. ఈ రోజుల్లో పిల్లలు పురుగుని నూరేశాక పేరు అడుగుతున్నారు. నూరిన తర్వాత చూడటానికి ఏం మిగులుతుంది?

స్పిక్యూల్ మొత్తం పొడవుతో పాటు చివర ఉండే ముల్లు నుంచి కొన దాకా ఉన్న దూరం కూడా కొలువు. రెండు స్పిక్యూల్స్‌కీ ఆ దూరం ఒకటి కాదు, కుడిది వేరు, ఎడమది వేరు. ప్లేసీలో ఈ కొలతలు పెద్దవి. చర్మం మీద నిలువుగా సాగే గట్లు కూడా చూడాలి, వాటిని సిన్‌లోఫ్ అంటారు. అమెరికాలో లిక్టెన్‌ఫెల్స్ బృందం తేల్చింది ఏమిటంటే కాంటార్టస్‌కి 30 గట్లు, ప్లేసీకి 34. పురుగుని అడ్డంగా కోసి చుట్టూ లెక్కపెట్టాలి. ఓపిక కావాలి, చెయ్యి కుదరాలి. 231 అక్షరాల్లో మూడు అక్షరాలు చూసి జాతి పేరు పెట్టేయడం నాకెప్పుడూ సమ్మతం కాదు.

ఆల్బర్టా_తెలుగు
సార్, గట్ల లెక్క మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ ఆకారం ఒక్కదాన్నే నమ్మినప్పుడు ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. ఈ ప్రజాతి మొత్తాన్ని 1979లో పునఃపరిశీలించిన గిబ్బన్స్, ప్లేసీ వేరే జాతే కాదని కాంటార్టస్‌లో కలిపేశారు. అదే పురుగులు, అదే మైక్రోస్కోప్. ఆ తర్వాత గట్ల లెక్క వచ్చింది, 1995లో ఐటీఎస్-2 వచ్చింది. ఆ రెండూ ఒకే మాట చెప్పాకే ఇవి రెండు జాతులన్న నమ్మకం గట్టిపడింది. మూడు అక్షరాలు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఒక జాతిలో ఏ దేశం పురుగు తీసుకున్నా మారకుండా నిలిచే అక్షరాలు మూడుంటే వాటి విలువ చిన్నది కాదు.

పాతతరం_పరాసిటాలజీ
నేను కాదన్నది సీక్వెన్స్‌ని కాదు నాయనా, సీక్వెన్స్ ఒక్కదాన్నే నమ్మడాన్ని. గిబ్బన్స్ సంగతి నువ్వన్నది నిజమే. మరి జీన్‌బ్యాంక్‌లో, అంటే అందరూ ఎక్కించే డేటాబేస్‌లో, పడి ఉన్న సీక్వెన్సులకి పేర్లు ఎవరు పెట్టారు? గొర్రెలో దొరికింది కాబట్టి కాంటార్టస్, ఆవులో దొరికింది కాబట్టి ప్లేసీ అని రాసి ఎక్కించిన వాళ్లని నేనే చూశాను. స్లైడ్ లేదు, కొలత లేదు, నమూనా దాచలేదు. రేపు ఈ అమ్మాయి తన సీక్వెన్స్‌ని వాటితో పోల్చడానికి బ్లాస్ట్ కొడితే వచ్చేది ఆ పేరే.

క్రోమాటోగ్రామ్
ఈ విషయంలో సార్ వైపే నేనూ. బ్లాస్ట్‌లో మొదటి వరుసలో వచ్చిన పేరు తీసుకుని రిపోర్టు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. 99 శాతం కలిసింది అంటారు. 231లో మూడు అక్షరాల తేడా అంటే జాతి మారినా 98.7 శాతం కలుస్తుంది! ఈ పురుగుల దగ్గర శాతం చూడకూడదు, ఆ మూడు స్థానాల్లో ఏ అక్షరం ఉందో చూడాలి.

మందకాపరి_కొడుకు
నేను గొర్రెలు కాసే ఇంటివాణ్ణి, డిగ్రీ దాకా చదివాను. నాలుగో పొట్ట కోస్తే ఎర్ర దారం, తెల్ల దారం పేనినట్టు కనిపించేవి ఇవేనా? వానలు పడ్డాక మా జీవాలకు దవడ కింద నీరు దిగుతుంది, కళ్లు తెల్లబడతాయి. నట్టల మందు తాగించినా రెండు వారాలకి మళ్లీ అదే కథ. మీరంతా పేరు గురించి మాట్లాడుకుంటున్నారు. పేరు తెలిస్తే మందు పనిచేస్తుందా?

చెరువుగట్టు
ఇవే. ఆ ఎర్రది రక్తం నిండిన పేగు, తెల్లది దాని చుట్టూ మెలితిరిగిన గర్భసంచి. ఆడ పురుగులోనే ఆ మెలిక కనిపిస్తుంది. ఒక్కో పురుగు వల్ల రోజుకి 0.05 మిల్లీలీటర్ల దాకా రక్తం పోతుందని లెక్క. వేల పురుగులుంటే గొర్రెలో ఏం మిగులుతుందో ఊహించుకోండి. రక్తంలో మాంసకృత్తులు పడిపోయినప్పుడే దవడ కింద నీరు చేరుతుంది.

మందు సంగతి ఆల్బర్టా వారు చెప్తే బాగుంటుంది, వాళ్ల ఊళ్లో దీని మీద చాలా పని జరిగింది.

ఆల్బర్టా_తెలుగు
అన్నా, పేరుకీ మందుకీ సంబంధం ఉంది, చెప్తాను.

ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ లాంటి మందులు పురుగు కణాల్లో ఉండే బీటా ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుని దాన్ని పనిచేయనివ్వవు. ఆ ప్రోటీన్ జన్యువులో 200వ స్థానంలో టీటీసీ అన్న మూడక్షరాల మాట టీఏసీగా మారిందంటే మందుకి అతుక్కోవడానికి చోటు కుదరదు. ఒక్క అక్షరం మారితే చాలు, మందు తాగించినా ఆ పురుగు బతికిపోతుంది. 167, 198 స్థానాల్లోనూ ఇలాంటి మార్పులున్నాయి. హీమాంకస్ కాంటార్టస్‌లో ఇది ప్రపంచమంతా వ్యాపించింది.

ఇప్పుడు నట్టల_పీజీ గారి పురుగు దగ్గరికి రండి. ఆ రెండు జాతులూ కలిసి పిల్లల్ని కంటే, ఒకదానిలో పుట్టిన నిరోధకత రెండోదానిలోకి పాకే దారి దొరుకుతుంది. ఇది ఊహ కాదు. పాకిస్థాన్, దక్షిణ భారతదేశం పశువుల్లోంచి తీసిన పురుగుల మీద 2015లో ఒక పత్రం వచ్చింది. అందులో చూసింది సరిగ్గా ఈ 24వ స్థానాన్నే. అక్కడ రెండు అక్షరాలూ ఉన్న పురుగులు దొరికాయి. వేరే జన్యు గుర్తులతో కూడా పరీక్షించి హైబ్రిడ్లేనని తేల్చారు. నిరోధకత జాతి దాటే ప్రమాదం గురించి అందులోనే చర్చించారు. మీ గైడ్ సార్‌కి ఆ పత్రం చూపించండి.

కబేళా_డ్యూటీ
మొత్తానికి గొర్రె పురుగూ ఆవు పురుగూ వియ్యం అందుకున్నాయన్నమాట.

డాక్టరమ్మ
ఆ వియ్యానికి కట్నంగా మందుల నిరోధకత ఇచ్చారు.

నట్టల_పీజీ
ఆ పత్రం దొరికింది, చదువుతున్నాను. ప్రాణం లేచొచ్చింది. ఒక సందేహం. నా మగ పురుగులో మూడు స్థానాల్లోనూ రెండేసి అక్షరాలున్నాయి కదా, మూడు వేర్వేరు సాక్ష్యాలు దొరికినట్టు రాయొచ్చా?

ఆల్బర్టా_తెలుగు
రాయకూడదు. ఆ మూడూ 231 అక్షరాల లోపే పక్కపక్కన ఉన్నాయి, కలిసే వారసత్వంగా వస్తాయి. వాటిని ఒకే సాక్ష్యంగా లెక్కేయాలి. పైగా ఐటీఎస్-2 ఉండే రైబోజోమల్ డీఎన్ఏ ఒక్క కాపీ కాదు, వరుసగా పదుల కొద్దీ కాపీలుంటాయి. మామూలుగా అవన్నీ ఒకేలా సర్దుకుని ఉంటాయి, ఒక్కోసారి సర్దుకోవు. పాతకాలంలో ఎప్పుడో జరిగిన కలయిక తాలూకు కాపీలు కొన్ని మిగిలిపోయినా రెండు శిఖరాలు రావచ్చు. ఎత్తు సమానంగా ఉందన్నారు కాబట్టి మొదటి తరం హైబ్రిడ్ అన్న అనుమానం బలపడుతుంది, అంతే. రుజువు కావాలంటే వేరే క్రోమోజోముల మీద ఉన్న గుర్తులు చూడాలి. మైక్రోశాటిలైట్లు (పదేపదే వచ్చే చిన్న డీఎన్ఏ ముక్కలు), బీటా ట్యూబ్యులిన్ ఐసోటైప్-1 జన్యువు లాంటివి.

మైటోకాండ్రియా డీఎన్ఏ కూడా చదివించండి, అందులో నాడ్4 జన్యువు గానీ సీఓఐ జన్యువు గానీ. అది తల్లి నుంచే వస్తుంది కాబట్టి తల్లి ఏ జాతో తేలిపోతుంది. రెండు జాతులకీ మైటోకాండ్రియాలో తేడా ఐటీఎస్-2 కంటే చాలా ఎక్కువ, మూడు అక్షరాల కోసం వెతుక్కునే పని ఉండదు.

క్రోమాటోగ్రామ్
మైటోకాండ్రియా ఒక్కటే చదివి ఊరుకుంటే ఏమవుతుందో కూడా చెప్పాలి. హైబ్రిడ్ పురుగుకి తల్లి పేరు పెట్టి పంపించేస్తాం, తండ్రి ఉన్నట్టే తెలియదు. సీఓఐ బార్‌కోడ్ ఒక్కదానితో జాతులు తేల్చేస్తామనే వాళ్లతో నాకున్న పేచీ ఇదే. 2003లో హీబర్ట్ బృందం ఒక్క జన్యువుతో జాతిని గుర్తించే బార్‌కోడ్ ఆలోచన తెచ్చాక సీతాకోకచిలుకల మీదా పక్షుల మీదా బాగా పనిచేసింది. పరాన్నజీవి పురుగుల్లో మాత్రం అది ఒక సాక్షి, తీర్పు కాదు.

డాక్టరమ్మ
మనుషుల వైపు నుంచి ఒక సంగతి. కొంకి పురుగు గుడ్లు మైక్రోస్కోప్ కింద చూసి మేము "హుక్‌వార్మ్" అని రాసేస్తాం. జాతి రాయం, ఎందుకంటే గుడ్లన్నీ ఒకేలా ఉంటాయి. నెకేటర్, యాంకిలోస్టోమా డుయోడినేల్, ఈ రెండే మనుషుల పురుగులని మాకు పాఠం చెప్పారు. మలంలోని గుడ్ల డీఎన్ఏ చదవడం మొదలయ్యాక ఆసియాలో చాలాచోట్ల యాంకిలోస్టోమా సెలానికం బయటపడింది. అది కుక్కల, పిల్లుల పురుగు. మనుషుల్లో ఎక్కడో అరుదుగా కనిపిస్తుందనుకునేవారు. ఇప్పుడు ఈ ప్రాంతంలో మనుషులకు సోకే కొంకి పురుగుల్లో అది రెండో స్థానంలో ఉందంటున్నారు. మనిషికి మాత్ర వేశాం, వాకిట్లో తిరిగే కుక్క సంగతి వదిలేశాం. పేరు తెలియకపోవడం వల్ల జరిగిన నష్టం ఇలాంటిది.

బయాలజీ_టీచర్_ఖమ్మం
డాక్టరమ్మ గారి పోస్టు క్లాసులో చెప్తాను. ఇంకో ప్రశ్న. నట్టలు, ఏలికపాములు, బద్దె పురుగులు, కార్జపు జలగలు ఇవన్నీ పురుగులే అంటాం. సీక్వెన్సుల ప్రకారం ఇవన్నీ ఒక కుటుంబమేనా?

ఆల్బర్టా_తెలుగు
కాదు సార్. బద్దె పురుగులు, జలగలు చదును పురుగుల వైపు. ఏలికపాము, కొంకి పురుగు, హీమాంకస్ గుండ్రటి పురుగుల వైపు. రెండిటికీ దగ్గరి చుట్టరికం లేదు. పరాన్నజీవనం రెండు వైపులా విడివిడిగా పుట్టింది. గుండ్రటి పురుగుల లోపల కూడా ఒక్కసారి పుట్టింది కాదు. 1998లో బ్లాక్స్‌టర్ బృందం 53 నెమటోడ్ల (గుండ్రటి పురుగుల) 18ఎస్ రైబోజోమల్ జన్యువు చదివి వంశవృక్షం గీసింది. అందులో జంతువుల మీద బతకడం కనీసం నాలుగు సార్లు, మొక్కల మీద బతకడం మూడు సార్లు విడిగా మొదలైందని తేలింది. ఆ చెట్టులో హీమాంకస్ లాంటి స్ట్రాంగైల్ పురుగులు ఎక్కడ పడ్డాయో తెలుసా? మట్టిలో బతికే, ల్యాబుల్లో బాగా పరిశోధించిన చిన్న పురుగు సీ. ఎలిగాన్స్ పక్కన. ఏలికపాముకీ వీటికీ మధ్య దూరం కంటే, సీ. ఎలిగాన్స్‌కీ వీటికీ మధ్య దూరం తక్కువ. సీ. ఎలిగాన్స్‌లో మందులు ఎలా పనిచేస్తాయో చూసి హీమాంకస్ గురించి ధైర్యంగా మాట్లాడగలిగేది అందుకే.

కబేళా_డ్యూటీ
పురుగే కాని పురుగు ఒకటుంది, అది కూడా రాయండి. లింగ్వాటులా. పశువుల లింఫ్ గ్రంథులు కోసినప్పుడు పిల్ల దశలో దొరుకుతుంది. పెద్దది కుక్క ముక్కులో నాలుక ఆకారంలో ఉంటుంది. వందల ఏళ్లు పురుగుల లెక్కలోనే వేశారు.

ఆల్బర్టా_తెలుగు
అవును, గుర్తు చేసి మంచి పని చేశారు. దాని వీర్యకణాల నిర్మాణం చూసి, చేపల మీద పేనులా బతికే ఒక రకం క్రస్టేషియన్లకి ఇది చుట్టమని ముందు కొందరు అన్నారు. చాలామంది నమ్మలేదు. 1989లో 18ఎస్ సీక్వెన్స్ కూడా అదే చెప్పింది. అంటే రొయ్యలు, పీతలు ఉన్న వంశం. ముళ్ల తల పురుగుల కథ కూడా ఇలాంటిదే. వాటికి ప్రత్యేకంగా ఒక వర్గం ఉండేది. 18ఎస్ చదివాక రోటిఫెర్లనే సూక్ష్మ నీటి జంతువుల గుంపులోకి చేరాయి.

పాతతరం_పరాసిటాలజీ
లింగ్వాటులా విషయంలో దారి చూపింది వీర్యకణం ఆకారమే, గమనించారా! సీక్వెన్స్ తర్వాత వచ్చి బలపరిచింది.

ఆల్బర్టా_తెలుగు
గమనించాను సార్, అందుకే అది ముందు రాశాను.

చెరువుగట్టు
కార్జపు జలగల గురించి ఎవరూ ఎత్తలేదు. మన గేదెల్లో ఉండేది ఫాసియోలా జైగాంటికా అని అందరం రాస్తాం. చల్లటి దేశాల్లో ఉండేది హెపాటికా. ఆసియాలో ఈ రెండిటికీ మధ్య రకాలు చాలాచోట్ల దొరికాయి. వాటిలో చాలావాటికి వీర్యకణాలే సరిగా తయారు కావు, అయినా సంతానం పెరుగుతూనే ఉంటుంది. తూర్పు భారతంలో కూడా అలాంటివి ఉన్నట్టు సీక్వెన్సులతో చూపించారు. పొడవు వెడల్పులు కొలిచి చెప్పాలంటే ఈ మధ్య రకాలు ఎటు పడితే అటు జారిపోతాయి. ఇప్పుడు ఐటీఎస్-1తో పాటు పెప్‌కే, పోల్డ్ అనే రెండు ఒంటి కాపీ జన్యువులు కూడా చూసి తేలుస్తున్నారు. నట్టల_పీజీ గారికి చెప్పిన సలహా కూడా ఇదే కదా, ఒక్క గుర్తు మీద ఆధారపడొద్దని.

డాక్టరమ్మ
అయితే రెండు జాతులు కలిసి పిల్లల్ని కంటున్నప్పుడు అవి రెండు జాతులే అని ఎందుకు అనాలి? గిబ్బన్స్ గారు కలిపేసింది సరైనదే కావచ్చుగా.

పాతతరం_పరాసిటాలజీ
మంచి ప్రశ్న. హీమాంకస్‌లో ఈ రెండిటినీ గొర్రెల్లో కావాలని కలిపి చూసిన ప్రయోగాలు పాతవే ఉన్నాయి. ఆస్ట్రేలియాలో లీ జాంబర్ చేశాడు. పిల్లలు పుట్టాయి. కానీ హైబ్రిడ్ మగవి చాలావరకు సంతానానికి పనికిరాలేదు, ఆడవి మాత్రం తిరిగి తల్లి జాతితోనో తండ్రి జాతితోనో కలిస్తే కన్నాయి. అంటే మధ్యలో గోడ ఉంది, ఆ గోడకి ఒక కిటికీ ఉంది. పొలాల్లో ఇన్నేళ్లుగా పక్కపక్కనే మేస్తున్నా రెండు జాతులూ ఒకటైపోలేదు. అందుకే రెండంటాను.

ఆల్బర్టా_తెలుగు
సార్ చెప్పిందాంట్లో నట్టల_పీజీ గారికి పనికొచ్చేది ఇంకోటి ఉంది. మొదటి తరం మగది గొడ్డుదైతే, మీ మగ పురుగు నుంచి జన్యువులు ముందుకి పోవు. నిరోధకత పాకేది ఆడ హైబ్రిడ్ల ద్వారానే. కాబట్టి పక్కన పెట్టమన్న ఆ ఆడ పురుగు డీఎన్ఏని పారెయ్యకండి. క్రోమాటోగ్రామ్ గారు చెప్పినట్టు అది స్వయంగా హైబ్రిడ్ కాకపోవచ్చు, దాని గుడ్లు హైబ్రిడ్ కావచ్చు. అదైనా రెండు జాతులూ కలిసినట్టే కదా!

క్రోమాటోగ్రామ్
ఒప్పుకుంటున్నాను, అది నాకు తట్టలేదు. కానీ థీసిస్‌లో "హైబ్రిడ్ ఆడ పురుగు" అని మాత్రం రాయొద్దు. "ఆడ పురుగు పూర్తి శరీరం నుంచి తీసిన డీఎన్ఏలో రెండు రకాల ఐటీఎస్-2 కనిపించింది" అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

మందకాపరి_కొడుకు
నా ప్రశ్న మధ్యలో ఆగిపోయింది. మందు మారిస్తే సరిపోతుందా?

చెరువుగట్టు
ఊరికే మారిస్తే ఆ కొత్త మందు కూడా కొన్నేళ్లకి పోతుంది. ముందు తూకం చూసి మోతాదు ఇవ్వండి. కంటి అంచనాతో తక్కువ తాగిస్తే సగం నిరోధకత ఉన్న పురుగులన్నీ బతికిపోతాయి. మంద మొత్తానికి ఒకేసారి తాగించకుండా, కింది రెప్ప తిప్పి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉన్నవాటిని వదిలెయ్యండి, పాలిపోయినవాటికి ఇవ్వండి. దక్షిణాఫ్రికాలో ఇందుకోసం ఫమాచా అని ఐదు రంగుల కార్డు తయారు చేశారు. రంగు కాపరులకు ముందే తెలుసు, కార్డు వల్ల అందరూ ఒకే కొలతతో చూస్తారు. మందు తగలని పురుగులు కొన్ని మందలో మిగిలితే, నిరోధకత ఉన్నవి వాటితో కలిసి పలచబడతాయి. మందు పనిచేస్తోందో లేదో తెలియాలంటే తాగించే ముందూ, 10 నుంచి 14 రోజుల తర్వాతా పెంట పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి గుడ్లు లెక్కపెట్టించండి.

మందకాపరి_కొడుకు
రెప్ప చూడటం మా నాయన చేసేదే. మందు మాత్రం అన్నిటికీ తాగించేవాళ్లం. గుడ్ల లెక్క చూస్తే ఏ పురుగో కూడా తెలుస్తుందా?

ఆల్బర్టా_తెలుగు
తెలియదన్నా. హీమాంకస్, ట్రైకోస్ట్రాంగైలస్, ఈసోఫాగోస్టోమమ్ గుడ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. నెమటోడైరస్ గుడ్డు పెద్దది కాబట్టి అదొక్కటే విడిగా తెలుస్తుంది. అందుకే మా ఆల్బర్టాలోని కాల్గరీలో 2015లో వేరే దారి పట్టారు. పెంటని పొదిగించి లార్వాలు తీసి, అన్నిటి డీఎన్ఏ కలిపి, ఐటీఎస్-2 ఒకేసారి వేలాది ప్రతులుగా చదివి, ఏ జాతి ఎంత శాతమో చెప్తారు. నెమబయోమ్ అంటారు. గొర్రెని కోయాల్సిన పని లేదు.

పాతతరం_పరాసిటాలజీ
ఇది మంచి పని. పొదిగించిన లార్వాల తోకలు కొలుస్తూ మేం కళ్లు పోగొట్టుకున్నాం. ఒక్క మాట, అందులో హైబ్రిడ్ ఎలా తెలుస్తుంది? అన్నీ కలిపి నూరితే ఏ అక్షరం ఏ పురుగుదో చెప్పలేరుగా.

ఆల్బర్టా_తెలుగు
తెలియదు సార్. హైబ్రిడ్ కావాలంటే ఒక్కో పురుగునీ విడిగానే చూడాలి. నట్టల_పీజీ గారు చేసిన పద్ధతిలోనే.

నట్టల_పీజీ
గైడ్ సార్‌తో మాట్లాడాను. 2015 పత్రం చూపించాక తీసేయమనడం మానేశారు. మగ పురుగు మిగిలిన డీఎన్ఏతో నాడ్4 చేయడానికి ఒప్పుకున్నారు. స్లైడ్ మీద స్పిక్యూల్ కొలతలు ఇవాళ తీశాను. రెండు జాతులకీ ఇచ్చిన కొలతల మధ్యలో పడుతున్నాయి. ఒకే పురుగు కాబట్టి దాని మీద ఎక్కువ రాయను. గట్లు చూడటానికి ఆ పురుగు శరీరం మిగల్లేదు. ఇక ముందు మధ్య భాగం కొంచెం విడిగా ఉంచుతాను.

మా విభాగం మ్యూజియంలో పాత సీసాల్లో ఆవుల హీమాంకస్ ఉన్నాయి. వాటి నుంచి ప్లేసీ డీఎన్ఏ తీసి పోల్చుకోవచ్చా?

క్రోమాటోగ్రామ్
సీసాలో ఏముంది? ఫార్మలిన్ అయితే ఆశ పెట్టుకోవద్దు. ప్రోటీన్లనీ డీఎన్ఏనీ ఒకదానికొకటి అతికించేసి ముక్కలు చేసేస్తుంది. చిన్న ముక్క ఎప్పుడైనా పెరగొచ్చు, దాన్ని నమ్మి రెండు శిఖరాల గురించి వాదించలేం. తాజాగా ఏరినవి సెలైన్‌లో కడిగి, 95 శాతం ఆల్కహాల్‌లో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. మరుసటి రోజు ఆల్కహాల్ మార్చండి, పురుగులోని నీటితో అది పలచబడుతుంది.

పాతతరం_పరాసిటాలజీ
ఆకారానికి మాత్రం కొన్నిటిని 70 శాతంలో ఉంచు. 95లో పురుగు బిగుసుకుపోయి పెళుసెక్కుతుంది, స్లైడ్‌కి లొంగదు. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వెయ్యి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగి ఏమీ మిగలదు.

కబేళా_డ్యూటీ
కబేళాలో ఆవు, గేదె, గొర్రె పొట్టలు ఒకే చోట కడుగుతుంటారు. నీళ్లలో కొట్టుకొచ్చిన పురుగు ఏ పొట్టదో చెప్పలేం. పొట్టకి రెండు వైపులా దారం కట్టించి, అలాగే సంచిలో వేసుకుని తెచ్చుకోండి.

చెరువుగట్టు
కబేళా పశువు ఏ ఊరిదో, దేనితో కలిసి మేసిందో ఎవరూ చెప్పరు. గొర్రెలూ పశువులూ ఒకే చోట మేసే ఊరు చూసుకుంటే హైబ్రిడ్లు దొరికే అవకాశం ఎక్కువ. తెలంగాణలో 2019 పశుగణన ప్రకారం 1.9 కోట్ల గొర్రెలున్నాయి, దేశంలోనే ఎక్కువ. అలాంటి ఊళ్లకి కొదవ లేదు.

మందకాపరి_కొడుకు
మా ఊరు రండి. ఎండాకాలం చెరువు శిఖంలో గడ్డి మిగిలి ఉంటుంది, గొర్రెలు, ఆవులు, గేదెలు అన్నీ అక్కడే మేస్తాయి. వానలు మొదలైతే గొర్రెలు గుట్ట వైపు పోతాయి, పశువులు కిందే ఉంటాయి. చచ్చిన గొర్రె ఉంటే పొట్ట తీసిస్తాం, పెంట ఎంత కావాలన్నా దొరుకుతుంది.

నట్టల_పీజీ
తప్పకుండా వస్తాను అన్నా. గొర్రెల పెంటా ఆవుల పెంటా ఒకే రోజు విడివిడిగా కావాలి. ఏ జీవానికి ఏ మందు ఎప్పుడు తాగించారో మీ నాయన గారిని అడిగి రాసి పెట్టగలరా?

మందకాపరి_కొడుకు
సీసాలు పారేయలేదు, దొడ్లోనే ఉన్నాయి. పేర్లు చూసి రాత్రికి ఇక్కడే పెడతాను.